చూపు లేకుండా కంప్యూటర్ చదవడం ఎలా?

విద్యార్థులారా! మీరెప్పుడైనా మా గూడూరు జంక్షన్‌కు వచ్చారా? విజయవాడ వైపు నుంచి వచ్చే రైలుమార్గం ఇక్కడే రెండుగా చీలుతుంది. ఒకటి చెన్నైకి పోతుంది, రెండవది రేణిగుంటకు. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో సరిగా తెలుసుకోకపోతే తిరుపతికి పోవలసినవాడు సూళ్ళూరుపేటలో దిగవలసి వస్తుంది!

ఈసారి వచ్చినప్పుడు ఒక పని చేయండి. బల్లమీద కూర్చుని కాసేపు కళ్ళు మూసుకోండి. "దయచేసి వినండి" అంటూ మైకులో గొంతు వినిపిస్తుంది. బండి నెంబరును ఒక్కొక్క అంకెగా చదువుతుంది. జాగ్రత్తగా వినండి. "ఒకటి" అనే మాట ఎన్నిసార్లు వచ్చినా ఒకే విధంగా పలుకుతుంది. అక్కడ కూర్చుని ఎవరూ చదవడం లేదు. ముందుగా విడివిడిగా రికార్డు చేసి పెట్టిన మాటలను కంప్యూటర్ పూలదండలా గుచ్చి వినిపిస్తున్నది, అంతే.

బోర్డు మీద కనిపించే సమాచారమే చెవికి కూడా అందుతున్నదన్నమాట. మరి మీ ఇంట్లోని కంప్యూటర్ సంగతేమిటి? దాని తెరమీద ఉన్నదంతా ఇలాగే వినిపిస్తే? అప్పుడు చూపు లేనివారు కూడా ఉత్తరాలు వ్రాసుకోవచ్చు, పాఠాలు చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు. ఈ పని చేసిపెట్టే ప్రోగ్రాంనే స్క్రీన్ రీడర్ అంటారు. మనం దానిని "తెర చదువరి" అని పిలుచుకుందాం. అది ఎలా పనిచేస్తుందో, ఉన్న రకాలలో దేనిని ఎంచుకోవాలో ఈ నెల తెలుసుకుందాం.

ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న

కొన్నేళ్ళ క్రిందట ఒక సాయంత్రం నా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. తండ్రి మా ఊరి నిమ్మకాయల మార్కెట్‌లో బస్తాలు మోసే కూలీ. ఎనిమిదో తరగతిలో ఈ అబ్బాయికి రేచీకటి మొదలైంది. కంటిలోని నేత్రపటలం క్రమక్రమంగా దెబ్బతినే జబ్బు అది. పదో తరగతికి వచ్చేసరికి మొదటి బెంచీలో కూర్చున్నా బోర్డు కనిపించేది కాదు. ఇంటర్ ముగిసేసరికి చూపు దాదాపుగా పోయింది.

చంకలో ఒక పాత లాప్‌టాప్ ఉంది. తమ్ముడి భుజం పట్టుకుని లోపలికి వచ్చాడు.

"సార్, దీంట్లో ఏది ఎక్కించుకోమంటారు? డబ్బు పెట్టి కొనేదే మంచిదని ఒకరు చెప్పినారు. నాయన అప్పు చేస్తానంటున్నాడు. ఉచితంగా దొరికేది కూడా ఉందంట. ఉచితంగా ఇచ్చేది సరిగా పనిచేస్తుందా సార్?"

నాకు జవాబు తెలియదు. ముప్పై ఏళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను గానీ ఈ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. "నాకూ తెలియదురా. ఇద్దరం కలిసి పరీక్షించి చూద్దాం" అన్నాను. తెలియని విషయం ఎదురైనప్పుడు సైన్సు మనకు నేర్పిన దారి అదే కదా!

తెర చదువరికి రెండు పనులు

తాతగారికి పత్రిక చదివి వినిపించే మనవడిని ఊహించుకోండి. అతడు రెండు పనులు చేస్తాడు. మొదటిది, పేజీలో ఏది శీర్షికో, ఏది వార్తో, ఏది ప్రకటనో కనిపెట్టడం. రెండవది, తాతగారు అడిగినదానిని గొంతెత్తి చదవడం. తెర చదువరి కూడా సరిగ్గా ఈ రెండు పనులే చేస్తుంది.

మొదటి పని ఒకప్పుడు సులభంగా ఉండేది. 1980లలో చాలా కంప్యూటర్ల తెరమీద అక్షరాలే తప్ప బొమ్మలు ఉండేవి కావు. 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, అంటే మొత్తం 2,000 గళ్ళు. ఏ గడిలో ఏ అక్షరం ఉందో కంప్యూటర్ తన జ్ఞాపకంలో వ్రాసి పెట్టుకునేది. ఆ గళ్ళను వరుసగా చదివితే చాలు. అమెరికాలో ఐబిఎం సంస్థలో జిమ్ థాచర్ అనే గణితశాస్త్రజ్ఞుడు, చూపులేని తన గురువు జెస్సీ రైట్‌తో కలిసి ఇటువంటి ప్రోగ్రాంను తయారుచేశాడు. దాని పేరు "స్క్రీన్ రీడర్". ఈనాడు ఈ జాతి ప్రోగ్రాములన్నిటికీ అదే పేరు.

తరువాత విండోస్ వచ్చింది. చూపు ఉన్నవారికి అది వరం. చూపు లేనివారికి పెద్ద చిక్కు. ఎందుకంటే తెరమీద అక్షరాలకు బదులు బొమ్మలు వచ్చాయి. అక్షరం కూడా చుక్కలతో వేసిన ఒక బొమ్మే! అందుచేత తెర చదువరులు కంప్యూటర్ గీసే ప్రతి గీతనూ కాపుకాసి, ఏది ఎక్కడ గీసిందో గుర్తుపెట్టుకుని, తమ లోపల ఇంకొక రహస్యపు తెరను నిర్మించుకోవలసి వచ్చింది.

1997లో మైక్రోసాఫ్ట్ ఒక తేలికదారి తెరిచింది. తెరమీది ప్రతి వస్తువూ అడిగినప్పుడు తన పేరు, తన పని, తన స్థితి చెప్పాలి. ఉదాహరణకు "పంపు, బటన్" అని ఒకటి చెబుతుంది. "తెలుగు, టిక్ గడి, టిక్ పెట్టలేదు" అని ఇంకొకటి చెబుతుంది. తరగతిలో హాజరు పిలిచినట్లన్నమాట. ప్రోగ్రాం తయారుచేసినవాడు తన బటన్‌కు పేరు పెట్టకపోతే ఏమవుతుంది? తెర చదువరి "బటన్" అని మాత్రం అంటుంది. అది డబ్బు పంపే బటనో, మొత్తం చెరిపివేసే బటనో వినేవారికి తెలియదు!

అక్షరం ధ్వనిగా మారేదెలా?

ఇక రెండవ పని, గొంతెత్తి చదవడం. రైల్వేస్టేషన్ పద్ధతి ఇక్కడ చాలదు. స్టేషన్‌లో చెప్పవలసిన మాటలు కొన్నే. కంప్యూటర్ తెరమీదికి ఏ మాటైనా రావచ్చు.

ముందుగా అంకెలను, పొడి అక్షరాలను మాటలుగా మార్చాలి. "5 కి.మీ." అని ఉంటే "ఐదు కిలోమీటర్లు" అనాలి. "1/2" అని ఉంటే అది అర కావచ్చు, జనవరి రెండో తేదీ కావచ్చు! తరువాత ఏ అక్షరానికి ఏ ధ్వనో తేల్చాలి. మన తెలుగులో వ్రాసినట్లే పలుకుతాం కాబట్టి ఇంగ్లీషుకంటే ఇది నయం. అయినా చిక్కులు లేకపోలేదు. "పంపు"లో సున్నను మీరు "మ్" అంటారు, "పంది"లో "న్" అంటారు. "చీమ"లోని "చ" వేరు, "చాప"లోని "చ" వేరు. పలికి చూడండి, నాలుక తగిలే చోటు మారుతుంది. ఈ తేడాలు మనకు అమ్మ ఒడిలోనే వచ్చాయి. యంత్రానికి ఎవరో ఒకరు నేర్పాలి.

చివరిగా ధ్వని పుట్టాలి. ఇక్కడొక చిన్న ప్రయోగం. "ఆ" అని సాగదీసి, ఆపకుండా "ఈ"లోకి మారండి. గొంతులో కంపనం మారలేదు. మారింది నోటి ఆకారం. ఖాళీ సీసా మూతిమీద ఊదితే ఒక ధ్వని వస్తుంది, నీళ్ళు పోసి ఊదితే మరొక ధ్వని వస్తుంది కదా! అలాగే నోరు కూడా ఒక గాలిగది. దాని ఆకారాన్నిబట్టి కొన్ని పౌనఃపున్యాలు అనునాదం చెంది బలపడతాయి. "ఆ" అన్నప్పుడు మొదటి అనునాదం సుమారు 700 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుంది. "ఈ" అన్నప్పుడు సుమారు 300కు దిగుతుంది. ఈ అనునాదాలను లెక్కలతో సృష్టిస్తే, ఏ మనిషి గొంతునూ రికార్డు చేయకుండానే యంత్రం మాట్లాడుతుంది.

ఈ పద్ధతిలో పనిచేసే ప్రోగ్రాములలో "ఈ-స్పీక్" పేరుపొందినది. జోనాథన్ డడింగ్టన్ 1995లో మొదలుపెట్టిన పనినుంచి అది పుట్టింది. దాని వారసురాలు నేడు 100కు పైగా భాషలు పలుకుతుంది. అందులో మన తెలుగు కూడా ఉంది. ఆ గొంతు వినడానికి మర మాటలాగే ఉంటుంది. అయితే అది ఎంతో చిన్న ప్రోగ్రాం. పాత కంప్యూటర్‌లో కూడా మీట నొక్కగానే పలుకుతుంది. రెండవ రకం గొంతులు మనుషుల రికార్డింగులనుంచి తయారైనవి, లేదా వాటిని విని నేర్చుకున్నవి. అవి వినసొంపుగా ఉంటాయి గానీ సాధారణంగా కంప్యూటర్‌కు బరువు.

ఎన్ని రకాలు ఉన్నాయి?

ముఖ్యమైన వాటిని పరిచయం చేస్తాను.

జాస్: దీనిని మొదలుపెట్టినవాడు అమెరికాకు చెందిన టెడ్ హెంటర్. ఆయన మోటార్‌సైకిల్ పందెగాడు. 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయి, తరువాత కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకున్నాడు. 1989లో మొదటి జాస్, 1995లో విండోస్‌పై పనిచేసే జాస్ వచ్చాయి. ఆ పేరుకు "మాటతో ఉద్యోగానికి దారి" అని అర్థం. దీనిని డబ్బు చెల్లించి వాడుకోవాలి. కొనకముందు ప్రయత్నించి చూడవచ్చు. కానీ 40 నిమిషాలకొకసారి ఆగిపోతుంది, కంప్యూటర్‌ను మళ్ళీ మొదలుపెట్టాలి.

ఎన్‌విడిఎ: 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ దీనిని మొదలుపెట్టాడు. తరువాత జేమ్స్ తే తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. కంప్యూటర్ కొనడం ఒక ఖర్చు, అదే కంప్యూటర్ మాట్లాడడానికి అంతకుమించిన ఖర్చు! ఇది అన్యాయమని వారికి తోచింది. అందుకే దీనిని ఉచితంగా ఇచ్చారు. లోపలి ప్రోగ్రాంను కూడా ఎవరైనా చూసి మెరుగుపరచవచ్చు. అందుచేత ప్రపంచమంతటా వాడేవారే దానిని 50కి పైగా భాషలలోకి మార్చారు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని పోయి వేరే కంప్యూటర్‌లో కూడా నడుపుకోవచ్చు.

నెరేటర్: 2000లో విడుదలైన విండోస్‌నుంచి ఇది కంప్యూటర్‌తోపాటే వస్తున్నది. మొదట్లో ఇది ప్రథమచికిత్స పెట్టెలాంటిది. ఇప్పుడు చాలా మెరుగుపడింది.

వీటితోపాటు ఆపిల్ కంప్యూటర్లలో 2005నుంచి, ఐఫోన్లలో 2009నుంచి వాయిస్ ఓవర్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2009నుంచి టాక్‌బ్యాక్ ఉంది. లినక్స్ కంప్యూటర్లకు ఆర్కా ఉంది. ఈ మూడింటికీ విడిగా డబ్బు అక్కరలేదు.

వారం రోజుల పరీక్ష

ఇక మా పరీక్షకు వద్దాం. పాఠశాలలో మనం రెండు లోలకాలను పోల్చవలసి వస్తే ఏం చేస్తాం? ఒక్క విషయాన్ని మార్చి, మిగిలినవన్నీ సమానంగా ఉంచుతాం. అదే సూత్రం పాటించాం. కంప్యూటర్ అదే, మనిషి అతడే, పనులు అవే. తెర చదువరి మాత్రం మారుతుంది. పనులు నాలుగు అనుకున్నాం: ఒక ఉత్తరం వ్రాసి తప్పులు దిద్దడం, ఒక పెద్ద వెబ్ పేజీలో కావలసిన సంగతి వెదకడం, లెక్కల పట్టికలో ఒక గడి విలువ చెప్పడం, ఒక తెలుగు పాఠం చదవడం.

పరీక్ష మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్నలు వ్రాసుకున్నాం. చూపులేని మిత్రుడు ఎవరైనా మిమ్మల్ని సలహా అడిగితే మీరూ ఇవే ప్రశ్నలు వేయవచ్చు.

1. ఏ పనికోసం కావాలి? చదువుకా, ఉద్యోగానికా, కాలక్షేపానికా?
2. ఏ భాషలో చదవాలి? ఆ భాష గొంతు దొరుకుతుందా?
3. కంప్యూటర్ పాతదా, కొత్తదా?
4. ఇప్పుడు ఎంత ఖర్చు? ఏటేటా ఎంత?
5. చిక్కు వస్తే అడగడానికి తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?

మొదటి సంధ్యవేళ నేనొక పొరపాటు చేశాను. మనిషి గొంతులాంటి గొంతు వినగానే "ఇదే బాగుందిరా, ఇదే తీసుకో" అన్నాను. ఈ-స్పీక్ గొంతు నా చెవికి రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్లుంది. అబ్బాయి ఏమీ అనలేదు.

నాలుగో రోజు వచ్చేసరికి అతడు ఆ రేకుడబ్బా గొంతునే పెట్టుకుని వింటున్నాడు. వేగం పెంచాడు. నాకు ఒక్క మాట కూడా అర్థం కాలేదు! "ఆ మంచి గొంతు ఏమైందిరా?" అని అడిగాను.

"సార్, అది వేగం పెంచితే మాటలు కలిసిపోతున్నాయి. ఇది ఎంత వేగంగా పోయినా అక్షరం అక్షరం తెలుస్తుంది. పైగా మీట నొక్కినాక ఆ గొంతు కాస్త ఆగి పలుకుతుంది. దినానికి వెయ్యిసార్లు మీట నొక్కేవాడికి ఆ కాస్త చాలా ఎక్కువ సార్."

లెక్కవేసి చూడండి. ఇంగ్లీషులో మనం సాధారణంగా నిమిషానికి సుమారు 150 మాటలు మాట్లాడతాం. అలవాటుపడిన అంధులు 300కు పైగా మాటలు వినగలరు. 3,000 మాటల పాఠం ఒకరికి 20 నిమిషాలు, మరొకరికి 10 నిమిషాలే! చూపు ఉన్నవాడు కంటితో చదివే వేగాన్ని అతడు చెవితో అందుకుంటున్నాడు. నేను గొంతును ఎంచుతున్నాను. అతడు చదువును ఎంచుకున్నాడు. వాడవలసినవాడే ఎంచుకోవాలి అనే నీతి నాకు ఆ రోజు బోధపడింది.

వెబ్ పేజీ వెదకడంలో రెండూ సమానంగా వచ్చాయి. రెండింటిలోనూ "హెచ్" మీట నొక్కితే ఒక శీర్షికనుంచి మరొక శీర్షికకు దూకవచ్చు. ఇది ఎంత మేలో చెప్పలేను. పేజీని మొదటినుంచి వినడమంటే, రైలు ఇంజనునుంచి నడుచుకుంటూ పోయి ఆఖరి పెట్టెలో ఉన్న మామయ్యను వెదకడం! శీర్షికలు ఉంటే నేరుగా ఆ పెట్టె దగ్గరే దిగవచ్చు. అయితే పేజీ తయారుచేసినవారు శీర్షికను నిజంగా శీర్షికగా గుర్తించి ఉండాలి. ఊరికే అక్షరాలు లావుచేస్తే కంటికి శీర్షికే గాని యంత్రానికి కాదు.

పెద్ద పట్టికల పనిలో జాస్ అతనికి ఎక్కువ నచ్చింది. ఆఫీసు ప్రోగ్రాములకు తగినట్లు దానిని మలచుకునే ఏర్పాటు ఉంది. కానీ మధ్యలో 40 నిమిషాల గడువు ముగిసి రెండుసార్లు పని ఆగిపోయింది. మొత్తంమీద అతని అవసరానికి, అతని పాత లాప్‌టాప్‌కు, ఇంటి పరిస్థితికి ఎన్‌విడిఎ సరిపోయింది. తండ్రి అప్పు చేయలేదు. ఉచితంగా వచ్చిందని దానిని తీసుకోలేదు. పరీక్షలో నిలిచింది కాబట్టి తీసుకున్నాడు. ఈ తేడాను మీరు గమనించాలి.

నా తప్పు

నాలుగో పని చెప్పలేదు కదూ! తెలుగు పాఠం చదవడం. నేను వ్రాసి, డీటీపీ షాపులో కంపోజ్ చేయించిన కాంతి పాఠం నోట్సు అతనికి ఇచ్చాను. తెరమీద ముత్యాలవంటి తెలుగు అక్షరాలు. మీట నొక్కాడు. లోపలినుంచి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, అర్థంలేని కూతలు! తెర చదువరిని మార్చాం. మళ్ళీ అవే కూతలు.

కారణం వెదికితే తెలిసింది. కంప్యూటర్‌కు అక్షరమంటే ఒక సంఖ్య. పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలనే ఉంచి, వాటిమీద తెలుగు బొమ్మలు అతికించారు. కన్ను బొమ్మను చూస్తుంది కాబట్టి తెలుగు అనుకుంటుంది. తెర చదువరి సంఖ్యను చూస్తుంది కాబట్టి ఇంగ్లీషు గుర్తులు చదువుతుంది. చింతపండు డబ్బామీద బెల్లం అని చీటీ అంటించినట్లే!

దీనికి మందు యూనికోడ్. ప్రపంచభాషల అక్షరాలన్నిటికీ విడివిడి సంఖ్యలు ఇచ్చే ఏర్పాటు అది. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో "క" సంఖ్య 3093. గుడి సంఖ్య 3135. ఈ రెండూ వరుసగా వస్తే "కి" అన్నమాట. "క్ష" కావాలంటే క, పొల్లు, ష అని మూడు సంఖ్యలు. ఈ పద్ధతిలో వ్రాసిన తెలుగును ఏ తెర చదువరి అయినా తెలుగు గొంతుతో చదవగలదు.

ఆ రాత్రి నా నోట్సు మొత్తం యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టాను. పదకొండు రోజులు పట్టింది. ఆ పిల్లవాడు మా బడిలో చదివిన రోజుల్లో నేను ఈ పని చేసి ఉంటే? ఈ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలదు. చాలా పుస్తకాలు, ప్రశ్నపత్రాలు పాత ఫాంట్లలోనో, ఫొటో తీసిన పేజీలుగానో ఉన్నాయి. ఫొటో పేజీని చదవాలంటే ముందు బొమ్మనుంచి అక్షరాలను గుర్తించే ఇంకొక ప్రోగ్రాం కావాలి. అమెరికాలో రే కర్జ్‌వైల్ 1976లోనే అచ్చు పుస్తకాన్ని గుర్తించి చదివి వినిపించే యంత్రాన్ని ప్రదర్శించాడు. నేడు ఆ పని ఫోనే చేస్తుంది, తెలుగులో కూడా. అయితే పేజీ మసకగా ఉంటే తప్పులు తప్పవు.

లెక్కలు వినడం

సైన్సు చదివేవారికి ఇంకొక చిక్కు ఉంది. "ఎక్స్ ప్లస్ ఒకటి బై రెండు" అని నేను చదివాననుకోండి. ఎక్స్ విలువ 3 అయితే జవాబు ఎంత? మొత్తాన్ని రెండుతో భాగించాలనుకుంటే 2. ఒకటిని మాత్రమే భాగించాలనుకుంటే మూడున్నర! కాగితం మీద గీత పొడవు చూస్తే తెలిసిపోతుంది. చెవికి గీత కనిపించదు.

దీనికి దారి చూపినవారిలో టి.వి. రామన్ ఒకరు. పూణేలో పుట్టి, 14వ ఏట చూపు కోల్పోయి, బొంబాయి ఐఐటిలో చదివి అమెరికా వెళ్ళారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1994లో ఆయన పిహెచ్‌డి పరిశోధన ఈ విషయం మీదనే. గణిత సమీకరణాలను వినిపించే "ఆస్టర్" అనే పద్ధతిని రూపొందించారు. అందులో ఘాతం వచ్చినప్పుడు గొంతు స్థాయి పెరుగుతుంది. కన్నుకు "పైన" కనిపించేది చెవికి "హెచ్చుగా" వినిపిస్తుంది. ఎంత చక్కని ఊహ! ఆ పద్ధతికి తన వెంట ఉండే కుక్క పేరు పెట్టుకున్నారు.

బ్రెయిలీని మరచిపోరాదు. వింటే అక్షరదోషాలు తెలియవు. "శాంతి" అని వ్రాశామో "సాంతి" అని వ్రాశామో వేగంగా వింటే పట్టుకోవడం కష్టం. అందుకే తెర చదువరికి జోడించే బ్రెయిలీ పలకలు ఉన్నాయి. వాటిలోని చిన్న మొనలు విద్యుత్తు తగలగానే పైకి లేచి వేలికి అక్షరంగా తగులుతాయి. విద్యుత్తు ఇస్తే వంగే స్ఫటికాల గుణమే దీనికి ఆధారం. పీజో విద్యుత్ ప్రభావం అని మీరు పై తరగతుల్లో చదువుతారు. ఈ పలకలు ఖరీదైనవి.

వీలు కల్పిస్తే ఏం జరుగుతుంది?

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో ప్యాసై ఇంటర్‌లో సైన్సు చదువుతానంటే, అంధులకు ఆ అవకాశం లేదన్నారు. కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. అనుమతి వచ్చాక పాఠాలను ధ్వనిముద్రణలుగా విని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. అమెరికాలోని ఎంఐటిలో చదివి తిరిగివచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. తక్కువైంది తెలివి కాదు. పుస్తకం అందే మార్గం తక్కువైంది.

అనంతపురం జిల్లాలో 1969లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే పాఠశాలకు చెందిన కొందరు అంధ విద్యార్థులు 2023లో పదో తరగతి పరీక్షలను లాప్‌టాప్‌మీద తామే వ్రాశారు. అంతవరకూ అంధ విద్యార్థి చెబుతుంటే వేరొకరు వ్రాసిపెట్టడమే మనకు తెలిసిన పద్ధతి. తన జవాబును తానే వ్రాసి, తానే విని, తానే దిద్దుకోవడం ఎంత గొప్ప సంగతో ఆలోచించండి!

చట్టాలు కూడా తోడయ్యాయి. పుస్తకాలను అంధులు చదవగల రూపంలోకి మార్చుకోవడానికి మన దేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. ఇదే విషయమై 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే, 2014లో. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పునరావాస కేంద్రంలో చూపు లేనివారికి కంప్యూటర్ వాడకం నేర్పుతారు.

మీరే చేసి చూడండి

విండోస్ కంప్యూటర్‌లో విండోస్ మీట, కంట్రోల్ మీట పట్టుకుని ఎంటర్ నొక్కండి. నెరేటర్ మాట్లాడుతుంది. ఆపాలంటే మళ్ళీ అవే నొక్కండి. ఇప్పుడు తెరమీద ఒక గుడ్డ కప్పండి. మౌస్ ముట్టుకోకుండా, ట్యాబ్ మీటతో, బాణపు మీటలతో ఒక ఫైలు తెరిచి మీ పేరు టైపుచేసి భద్రపరచండి. ఎంతసేపు పట్టిందో వ్రాసుకోండి. వారంపాటు రోజూ చేసి, కాలాన్ని గ్రాఫుగా గీయండి. గీత కిందికి దిగడం చూస్తారు. చూపు లేనివారి నేర్పు ఏదో అద్భుతశక్తి కాదనీ, సాధనే అనీ ఆ గ్రాఫు మీకు చెబుతుంది.

తరువాత మీరు తయారుచేసిన ప్రాజెక్టును అలాగే విని చూడండి. తెలుగు యూనికోడ్‌లో ఉందా? శీర్షికలను శీర్షికలుగా గుర్తించారా? బొమ్మల క్రింద వివరణ వ్రాశారా? ఈ మూడూ చేయడానికి పైసా ఖర్చు లేదు.

నా విద్యార్థి డిగ్రీ ముగించి ఇప్పుడు ఒక బ్యాంకులో పనిచేస్తున్నాడు. అక్కడి కంప్యూటర్‌లో జాస్ ఉందట. "కష్టమైందా?" అని ఫోనులో అడిగాను. "రెండు దినాలు సార్. మీటలు చాలామటుకు అవే. దోవ తెలిసినాక బండి ఏదైతే ఏముంది!" అన్నాడు.

ఇటీవల గూడూరు వచ్చినప్పుడు మా ఇంట్లో కూర్చుని నా కాంతి పాఠం మొత్తం విన్నాడు. ఆరో పేజీ దగ్గర ఆపి, "సార్, ఇక్కడ వక్రీభవనం అనే మాటలో ఒక అక్షరం తప్పు పడింది" అన్నాడు. ముప్పైమంది పిల్లలు, నేను, ఇన్నేళ్ళు కంటితో చూసినా పట్టుకోని తప్పు అది. వెంటనే దిద్దాను.